గతం మనసును వదలనప్పుడు: మరచిపోవడమా, రాసుకోవడమా, చెప్పుకోవడమా, సరిదిద్దుకోవడమా?

తిరుపతిలో ఇంటి స్థలాల ప్రస్తావన వచ్చిన చోటల్లా ఒక మాట తప్పక వినిపిస్తుంది: "ఆ రోజుల్లోనే తిరుచానూరు రోడ్డులో నలభై అంకణాల స్థలం కొని పెట్టుకుని ఉంటే ఈ పాటికి మన బతుకే వేరుగా ఉండేది." చిత్తూరు దాటి పల్లెల్లోకి వెళితే అదే నిట్టూర్పు మామిడి తోట గురించి వినిపిస్తుంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఒకటి రెండు మార్కులతో చేజారిన సీటు గురించి, అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో భాగపంపకాల నాటి మాటల గురించి వినిపిస్తుంది. ఒకసారి అనుకుని పనిలో పడిపోయేవారికి దీనివల్ల నష్టమేమీ లేదు. అన్నం ముందు కూర్చున్నా, నిద్రకు ఒరిగినా, పిల్లలు ఎదురుగా ఆడుకుంటున్నా ఏళ్ల తరబడి అదే విషయాన్ని మనసులో తిప్పుకుంటూ ఉండేవారి సంగతి వేరు. ముందున్న రోజు వారి చేతికి అందకుండానే గడిచిపోతుంది. ఈ వ్యాసం వారి కోసం, వారిని చూసి ఏం చెప్పాలో తోచక బాధపడే ఇంటివారి కోసం.

అటువంటివారికి సలహాలకు కొదవ ఉండదు. మరచిపొమ్మని ఒకరు, స్వామి మీద భారం వేయమని ఒకరు, కాగితం మీద రాసుకోమని ఒకరు, మనసు విప్పి చెప్పుకోమని ఒకరు, డాక్టరుకు చూపించుకోమని ఇంకొకరు చెబుతారు. వీటిలో బొత్తిగా పనికిరానిది ఒక్కటీ లేదు. అయితే ప్రతిదీ ప్రతివారికీ సరిపడదు. తాను చేసిన తప్పుకు కుమిలిపోతున్న వ్యక్తికి మేలు చేసే పద్ధతే, తనకు జరిగిన అన్యాయానికి రగిలిపోతున్న వ్యక్తికి కీడు చేయవచ్చు. అందువల్ల పద్ధతిని ఎంచుకునే ముందు, మనసును వెనక్కి లాగుతున్న గతం ఏ రకమైనదో తేల్చుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

తలచుకోవడం వేరు, చింతించడం వేరు

గతాన్ని తలచుకోవడమే తప్పని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి తన ప్రసంగాలలో ఈ విషయాన్ని పదే పదే విడమరచి చెప్పారు. దారి, భాష, వృత్తి నైపుణ్యం వంటివాటిని నిలుపుకునే జ్ఞాపకం లేకుండా మనిషి బతకలేడు. పడిన అవమానాన్ని, తగిలిన దెబ్బను మోసుకు తిరిగే మానసిక స్మృతి మాత్రం ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టుగా చూడనివ్వదు. మనస్తత్వ శాస్త్రం వేరే దారిలో నడిచి దాదాపు ఇదే చోటికి చేరింది. అమెరికన్ పరిశోధకురాలు సూసన్ నోలెన్-హోక్సెమా 1991లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, బాధ కలిగినప్పుడు దాని కారణాలనూ పర్యవసానాలనూ ఏ నిర్ణయానికీ రాకుండా తిప్పి తిప్పి ఆలోచించే అలవాటు ఆ బాధను పొడిగిస్తుంది, ముదిరేలా చేస్తుంది. 1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం వచ్చినప్పుడు ఈ సంగతిని పరీక్షించే అవకాశం అనుకోకుండా దొరికింది. అంతకు రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని, ఆలోచించే అలవాట్లను ఆమె బృందం నమోదు చేసి ఉంచింది. అలా తిప్పుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవారిలో, భూకంపం జరిగిన ఏడు వారాల తరువాత కూడా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే పద్ధతిని ఎంచుకోవడం సులువవుతుంది. చింతలో ఉన్న మనసు "నాకే ఎందుకిలా జరిగింది?", "నేనెందుకు ఇంత అసమర్థుణ్ణి?" వంటి ప్రశ్నలు వేసుకుంటుంది. వీటికి ముగింపు ఇచ్చే సమాధానం ఉండదు కాబట్టి ఆలోచన మళ్లీ మొదటికి వస్తుంది. పైగా దిగులుగా ఉన్నప్పుడు దిగులు పుట్టించిన సంఘటనలే సులభంగా గుర్తుకు వస్తాయి. అవి గుర్తుకు వచ్చినకొద్దీ దిగులు పెరుగుతుంది. ఈ లోపల నిద్ర తగ్గుతుంది, చేయవలసిన పని వాయిదా పడుతుంది, ఆ వాయిదా వల్ల మరొక నష్టం జరిగి చింతకు కొత్త కారణం చేరుతుంది. విచిత్రమేమిటంటే, లోపల కూర్చుని చూసే వ్యక్తికి ఇదంతా సమస్యను పరిష్కరించుకోవడానికి పడుతున్న శ్రమలాగే తోస్తుంది.

సంతోషం మాటకు వస్తే, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. 2,250 మంది పెద్దలను రోజులో అప్పుడప్పుడు ఫోను ద్వారా పలకరించి, ఆ క్షణంలో ఏం చేస్తున్నారో, మనసు ఎక్కడుందో, ఎంత సంతోషంగా ఉన్నారో అడిగారు. 46.9 శాతం సందర్భాలలో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా తిరిగే మనసు భవిష్యత్తులోకీ ఊహల్లోకీ కూడా వెళుతుంది కాబట్టి ఈ అంకెను గతానికే అంటగట్టకూడదు. అయినా ఒక ఫలితం మన విషయానికి సూటిగా వర్తిస్తుంది: మనసు అప్రియమైన విషయం మీదకు పోయినప్పుడు సంతోషం బాగా తగ్గింది, ప్రియమైన విషయం మీదకు పోయినప్పుడు సైతం, చేస్తున్న పని మీద మనసు పెట్టినవారి కంటే సంతోషం పెరగలేదు.

ముందుగా తేల్చుకోవలసినది

మనసును వెనక్కి లాగే గతం సాధారణంగా నాలుగు రకాలుగా ఉంటుంది. జారిపోయిన అవకాశం ఒకటి, మనం చేసిన తప్పు ఒకటి, మనకు జరిగిన అన్యాయం ఒకటి, మన నుంచి దూరమైన మనిషి ఒకటి. ఐదవదైన తీపి గతం బాధించదు కాబట్టి దానిని చివర చూద్దాం. నిజ జీవితంలో ఇవి కలగలిసి ఉంటాయి: తండ్రి పోయిన దుఃఖంలో, ఆయన చివరి రోజుల్లో దగ్గర లేకపోయానన్న అపరాధభావం ఉంటుంది; ఆస్తి విషయంలో అన్యాయం జరిగిందన్న కోపంలో, ఆ రోజు నోరు తెరిచి అడగలేకపోయానన్న చింత ఉంటుంది. అటువంటప్పుడు నిద్ర పట్టని రాత్రి మనసు ఏ దృశ్యం దగ్గర ఎక్కువసేపు ఆగుతుందో గమనిస్తే, దేనితో మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆ వెంటనే అడగవలసిన రెండవ ప్రశ్న: ఈ విషయంలో ఈ రోజు నా చేతిలో ఉన్న పని ఏదైనా ఉందా? ఉంటే సరిదిద్దుకునే దారి ముందు వస్తుంది. లేకపోతే రాసుకోవడం, చెప్పుకోవడం, మనసును మళ్లించడం ముందు వస్తాయి.

మరచిపోవడమా, పనిలో పడటమా

ఈ రెండింటినీ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానీ వాటి ఫలితాలు వేరు. 1987లో డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాలపాటు తెల్లని ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకు వచ్చినప్పుడల్లా గంట కొట్టమని కొందరికి చెప్పారు. వారు తలచుకోకుండా ఉండలేకపోయారు. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆ తరువాత తలచుకోవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటినుంచీ తలచుకోమన్నవారి కంటే వీరికి ఆ ఎలుగుబంటి మరింత ఎక్కువగా గుర్తుకు వచ్చింది. "అది మరచిపో" అని గట్టిగా చెప్పడం వల్ల, ఎంత ప్రేమతో చెప్పినా, మనసు ఆ విషయానికే కాపలా కాస్తుంది.

పనిలో పడటం ఇలాంటిది కాదు. అందులో ఒక తలపును తోసివేసే ప్రయత్నం లేదు. చేతులకూ కళ్లకూ వేరే పని అప్పగించడం మాత్రమే ఉంది. కుంగుబాటుకు ఇచ్చే చికిత్సల్లో, మనసు కుదుటపడే వరకూ ఆగకుండా రోజువారీ పనులను ప్రణాళిక ప్రకారం తిరిగి మొదలుపెట్టించే పద్ధతికి మంచి ఆధారం ఉంది. పని మరీ యాంత్రికమైనదైతే మాత్రం చింత దాని పక్కనే కూర్చుంటుంది. గిన్నెలు తోముతూ, బండి నడుపుతూ గతాన్ని తిప్పుకోవడం ఎంత సులభమో అందరికీ అనుభవమే. లెక్క చూసుకోవలసిన పని, మరొకరితో కలిసి చేసే పని, కొత్తగా నేర్చుకునే పని దీనికి మేలు.

నడక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం కొందరిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, మరికొందరిని వాహనాల రద్దీ ఉన్న రోడ్డు వెంట 90 నిమిషాలు నడిపించి పోల్చినప్పుడు, పచ్చదనంలో నడిచినవారిలో చింతించే ధోరణి తగ్గింది. తిరుపతివాసులకు ఈ విషయంలో ఉన్న భాగ్యం చాలా నగరాలకు లేదు. ఊరికి ఆనుకునే 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు ఎక్కేవారు మొక్కు కోసం ఎక్కినా, గోవింద నామం పలుకుతూ, తోటివారితో అడుగు కలుపుతూ సాగే ఆ ప్రయాణంలో మనసుకు వెనక్కి పోయే వ్యవధి తక్కువ. కొండ ఎక్కలేని వయసువారు వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఆవరణ వంటి చెట్ల నీడలో నడిచినా చాలు. ఒంటరిగా, చెవిలో పాత పాటలు పెట్టుకుని, రోజూ అదే గతాన్ని తలచుకుంటూ నడిచేవారికి మాత్రం ఈ ప్రయోజనం దక్కుతుందని నేను చెప్పలేను.

రాసుకోవడమా, చెప్పుకోవడమా

ఎంపిక అన్నింటికంటే కష్టమయ్యేది ఇక్కడే. అందువల్ల దీనిమీద కొంత ఎక్కువసేపు ఆగుతాను.

జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలో అత్యంత బాధ కలిగించిన సంఘటన గురించి రాశారు. జరిగినదానితోపాటు అప్పటి భావాలను కూడా రాసినవారికి రాసిన వెంటనే మనసు బరువెక్కింది. అయితే తరువాతి ఆరు నెలల్లో వారు అనారోగ్యంతో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. తరువాత జరిగిన అనేక అధ్యయనాల్లో ఫలితం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వచ్చింది కాబట్టి దీనిని సర్వరోగ నివారిణిగా భావించకూడదు. కానీ ఖర్చు లేనిది, గుట్టు బయటపడనిది, నాలుగు రోజుల్లో తేలిపోయేది కాబట్టి ముందుగా ప్రయత్నించదగినదే.

రాయడం ఎందుకు పనిచేస్తుందో ఆలోచించండి. తలలో తిరిగే ఆలోచనకు మొదలూ చివరా ఉండవు. కాగితం మీద పెట్టినప్పుడు ఒక వాక్యం తరువాత మరొక వాక్యం రావాలి, ఏది ముందు జరిగిందో ఏది తరువాత జరిగిందో చెప్పాలి, ఎక్కడో ఒకచోట ఆపాలి. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం 2006లో నేరుగా ఈ పోలికే చేసింది. జీవితంలోని చేదు అనుభవాన్ని కొందరు రాశారు, కొందరు బయటికి చెప్పారు, కొందరు లోలోపలే ఆలోచించారు. ఊరికే ఆలోచించినవారి కంటే రాసినవారికీ, చెప్పినవారికీ జీవితం పట్ల తృప్తి మెరుగ్గా కనిపించింది.

అయితే రాయడం కూడా చింతకు వేషం కావచ్చు. ప్రతిరోజూ డైరీలో అదే ఫిర్యాదు, అవే మాటలతో, నెలల తరబడి సాగుతూ ఉంటే అది కాగితం మీద జరుగుతున్న నెమరువేత మాత్రమే. నాలుగవ రోజు రాతలో మొదటి రోజు లేని సంగతి ఏదైనా, ఒక కారణం గాని, ఎదుటివారి ఇబ్బంది గాని, ఇప్పుడు చేయవలసిన పని గాని చేరిందో లేదో చూసుకోవాలి. చేరకపోతే రాసే తీరు మార్చాలి. ఈతన్ క్రాస్, ఓజ్లెమ్ ఐదుక్ చేసిన పరిశోధనలు ఇక్కడ తోడ్పడతాయి: సంఘటనను తన కళ్లతో మళ్లీ చూడకుండా, కొంత దూరంలో నిలబడి మూడో మనిషి చూసినట్టు చూసినవారికి కోపమూ దిగులూ తక్కువగా రేగాయి. "నేను" అని రాయడం మాని తన పేరుతో, "ఆ రోజు ఆమె రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టింది, పెట్టేటప్పుడు ఆమెకు తెలిసినది ఇంతే" అన్న పద్ధతిలో రాస్తే, అదే మనిషి మీద మనకే కొంత జాలి, కొంత న్యాయబుద్ధి కలుగుతాయి.

చెప్పుకోవడానికి రాతలో లేని బలం ఒకటుంది. వినే మనిషి మన ఆలోచనలో కనిపించని సంగతిని చూపించగలడు. దానికి తగ్గ ప్రమాదం కూడా ఉంది. అమాండా రోజ్ 2002లో పాఠశాల పిల్లల మీద చేసిన పరిశోధనలో, ఒకే సమస్యను స్నేహితులతో పదే పదే తవ్వుకుని మాట్లాడుకునేవారిలో స్నేహమూ గాఢంగానే ఉంది, దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగానే ఉన్నాయి. మన ఇళ్లలో మధ్యాహ్నపు అరుగు మీద గాని, రాత్రి ఫోనులో గాని అక్కచెల్లెళ్లు పదేళ్లనాటి అత్తింటి అవమానాన్ని మళ్లీ విప్పుకుని, కలిసి కన్నీరు పెట్టుకుని, ఒకరి కోపాన్ని ఒకరు ఎగదోసుకుని లేచే సందర్భాలు ఇటువంటివే. ఆ అనుబంధాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండటం పెద్ద అండ. కాని ఆ మనిషి ఎటువంటివారన్నది ముఖ్యం. మొదట ఓపికగా విని, తరువాత "అయితే ఇప్పుడేం చేద్దాం?" అని అడగగలిగినవారిని ఎంచుకోవాలి. ప్రతిసారీ "అవును, నీకు ఎంత అన్యాయం జరిగిందో!" అని మాత్రమే అనేవారు ఎంత ఆప్తులైనా ఈ పనికి సరిపోరు.

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే, సిగ్గుతో ముడిపడిన విషయాన్ని ముందు రాసుకోమని, ఒంటరితనంతో ముడిపడిన దుఃఖాన్ని ముందు చెప్పుకోమని చెబుతాను.

సరిదిద్దుకోవడం

మనం చేసిన తప్పు వేధిస్తున్నప్పుడు పై పద్ధతులన్నీ రెండో వరుసలోకి పోవాలి. అప్పు తీసుకుని ఎగవేసిన వ్యక్తి ధ్యానంలో కూర్చుంటే మనసు కుదుటపడకపోవడం న్యాయమే. ఆ బాధకు ఒక ప్రయోజనం ఉంది, అది చేయవలసిన పనిని గుర్తు చేస్తోంది. వెళ్లి తప్పు ఒప్పుకోవడం, ఇవ్వవలసినది వాయిదాల మీదనైనా ఇవ్వడం, మాట జారినచోట క్షమించమని అడగడం ముందు జరగాలి. క్షమాపణ కోరేటప్పుడు "ఆ పరిస్థితిలో నేనేం చేయగలను" అన్న సమర్థన చేరిస్తే అది నిలవదు. అవతలివారు క్షమించాలన్న షరతు కూడా పెట్టకూడదు. మన రాక వారి సంసారంలో కొత్త కలత రేపుతుందని తోస్తే దూరంగా ఉండటమే మర్యాద. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే వారి పిల్లలకు, వారు అభిమానించిన పనికి చేయగల సాయం ఉంటుంది.

జారిపోయిన అవకాశం విషయం సున్నితమైనది. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990ల మధ్యలో చూపించినదాని ప్రకారం, దగ్గరి కాలంలో మనుషులు చేసిన పనులకు ఎక్కువగా బాధపడతారు, జీవితాన్ని మొత్తంగా వెనక్కి చూసుకున్నప్పుడు చేయకపోయిన పనులకు ఎక్కువగా బాధపడతారు. కొనని స్థలం, రాయని పరీక్ష, అడగని ప్రశ్న ఏళ్లు గడిచినకొద్దీ పెద్దవిగా కనిపించడానికి కారణం, వాటి ఫలితాన్ని మన ఊహే రాస్తుంది గనుక అందులో నష్టానికి చోటు ఉండదు. ఆ స్థలం కొని ఉంటే దావాలో ఇరుక్కునేదేమో, పిల్లల చదువుకు డబ్బు లేక అమ్ముకునేవారేమో అన్న ఆలోచన అందులోకి రాదు. దీనికి తోడు, ఫలితం తెలిసిన తరువాత అది ముందే తెలిసినట్టు అనిపించే భ్రమను 1975లో బారుక్ ఫిష్‌హాఫ్ ప్రయోగాలతో నిరూపించారు.

2025 వేసవిలో తోతాపురి రకం మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా 12 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చినప్పుడు, వేరుశనగ చేలను మామిడి తోటలుగా మార్చుకున్న రైతులు తమ నిర్ణయాన్ని తామే నిందించుకున్నారంటే అర్థం చేసుకోదగినదే. కానీ మొక్క నాటిన సంవత్సరంలో వారి ముందున్న లెక్క వేరు: వానలు నమ్మలేని మెట్ట భూమి, గుజ్జు ఫ్యాక్టరీల గిరాకీ, కూలీల కొరత. ఆ లెక్క ప్రకారం అది తెలివితక్కువ నిర్ణయం కాదు. ఈ రోజు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ చెట్లను అలాగే ఉంచాలా, కొమ్మలు నరికి మరో రకాన్ని అంటుకట్టించాలా, కొంత విస్తీర్ణంలో మరో పంటకు పోవాలా అన్నది తోటల శాఖ అధికారులతో కూర్చుని తేల్చుకోగలిగిన విషయం. "అప్పుడు ఎందుకలా చేశాను?" అన్న ప్రశ్నకు బదులు "ఇప్పుడు ఎలా చేయాలి?" అన్న ప్రశ్న వేసుకున్నప్పుడు చింత తగ్గుతుందన్నది ఎడ్వర్డ్ వాట్కిన్స్ పరిశోధనల సారం కూడా.

జరిగిన అన్యాయం విషయంలో నా సలహా కొంతమందికి కటువుగా తోచవచ్చు. క్షమించమని తొందరపెట్టే ముందు, హక్కు సంగతి చూసుకోవాలి. ఆస్తి తగాదాలలో దావా వేయడానికి చట్టం కాలపరిమితి విధిస్తుంది; సంవత్సరాల తరబడి లోలోపల రగిలిపోవడంలో ఆ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. 2005 సవరణ తరువాత హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఉందని తెలిసి కూడా, అన్నతో చెడుతుందని అడగలేక, అడగలేదన్న బాధతో బతికే ఆడపడుచులు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీ చేసుకోవచ్చు. అడగాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినదే. అడగకూడదని నిర్ణయించుకుంటే, అది భయంతో వదిలేసినది కాక తెలిసి వదులుకున్నది అవుతుంది. ఆ తేడా మనసుకు తెలుస్తుంది. క్షమించడం కూడా అప్పుడే సాధ్యమవుతుంది. క్షమించినంత మాత్రాన మళ్లీ వారింటికి రాకపోకలు సాగించాలన్న నియమమూ లేదు.

వేళ కట్టడం, ధ్యానం

చింతకు రోజులో ఒక వేళ కేటాయించడం చిత్రంగా తోచినా పనికొచ్చే పద్ధతి. థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన విధానంలో, ఆందోళన కలిగించే ఆలోచన ఎప్పుడు వచ్చినా దానిని గుర్తించి, రోజూ ఒకే చోట ఒకే సమయంలో వచ్చే అరగంటకు వాయిదా వేయాలి. తలపును అణచడం లేదు కాబట్టి ఎలుగుబంటి సమస్య రాదు. ఆ అరగంట పడుకునే వేళకు దగ్గరగా ఉండకూడదు.

ధ్యానం గురించి ఒక్క హెచ్చరిక చాలు. మళ్లీ మళ్లీ కుంగుబాటుకు లోనైనవారిలో అది తిరగబెట్టకుండా చూడటానికి సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ రూపొందించిన ఎనిమిది వారాల ధ్యానాధారిత చికిత్సకు ఆధారం ఉంది. కాని బాధ ఉధృతంగా ఉన్నప్పుడు కొత్తగా కళ్లు మూసుకుని కూర్చుంటే కొందరికి గతం మరింత దగ్గరగా వస్తుంది. అటువంటివారు నడకతో, పనితో మొదలుపెట్టడం మంచిది.

దూరమైన మనిషి, తీపి కాలం

ఆప్తులు పోయినవారికి "గతాన్ని వదిలెయ్యి" అని చెప్పడం అన్యాయం. పోయినవారితో బంధం తెంచుకోవడమే కోలుకోవడమన్న పాత అభిప్రాయాన్ని 1990ల నుంచి పరిశోధకులు ప్రశ్నిస్తూ వచ్చారు. ఫొటోకు దండ వేయడం, సంవత్సరీకం నాడు వారికి ఇష్టమైనవి వండి నలుగురికీ పెట్టడం, వారి పేరు మీద ఒక పిల్లవాడికి పుస్తకాలు కొనివ్వడం వంటివన్నీ బంధాన్ని ఈ రోజులోకి తెచ్చుకునే మార్గాలే. వద్దన్నా గుర్తుకు వచ్చే మనిషికి ఒక తిథి, ఒక చోటు, ఒక పని ఏర్పరిచిన మన పెద్దల పద్ధతిలో లోతైన వివేకం ఉంది.

తీపి గతం విషయంలో ల్యుబోమిర్‌స్కీ పరిశోధన మరొక మంచి సంగతి చెప్పింది. సంతోషకరమైన అనుభవాన్ని కారణాలు వెతుకుతూ రాసి విశ్లేషించినవారి కంటే, ఊరికే మనసులో మళ్లీ చూసుకున్నవారికే మేలు కలిగింది. చేదును రాయాలి, తీపిని తలచుకోవాలి అన్నమాట. పెద్దవయసువారు తమ చిన్ననాటి గంగజాతర గురించో, తొలిసారి కాలినడకన కొండ ఎక్కిన సంగతో చెబుతుంటే ఆపకూడదు. వృద్ధులు జీవితాన్ని వెనక్కి చూసుకోవడం చాదస్తం కాదనీ అవసరమనీ రాబర్ట్ బట్లర్ 1963లోనే వాదించారు. ఆ కబుర్లు "ఇప్పుడేముంది, అంతా పాడైపోయింది" అన్న మాటతో ప్రతిసారీ ముగుస్తుంటే మాత్రం, ఆ పెద్దవారికి ఈ రోజులో ఏదో లోటు ఉందని ఇంటివారు గ్రహించాలి.

వైద్యుల దగ్గరకు ఎప్పుడు

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో ఆకలిలో మార్పు రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే స్వయంగా చేసుకునే పద్ధతులతో సరిపెట్టకూడదు. ప్రమాదం గాని, హింస గాని కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం, పీడకలలు, ఆ చోటికి పోలేకపోవడం నెల దాటినా తగ్గనివారు ఒంటరిగా కూర్చుని ఆ సంఘటనను రాయడానికి కూడా పూనుకోకూడదు. శిక్షణ పొందిన నిపుణుల తోడు కావాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంటివారికి

పక్కనున్నవారు చేయగలిగినది వారు అనుకునేదానికంటే ఎక్కువ. "ఇంకా అదేనా?" అన్న విసుగు ఆ మనిషిని మౌనంలోకి నెడుతుంది, మౌనంలో చింత పెరుగుతుంది. ప్రతిసారీ అదే కథను మొదటినుంచీ వినడం కూడా సాయం కాదు. ఒకసారి పూర్తిగా, ఫోను పక్కన పెట్టి వినండి. రెండవసారి అదే మొదలైనప్పుడు, "నాయనా, ఆ తోట సంగతిలో ఈ వారం మనం చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడగండి. ఉందంటే ఆ పనికి ఒక రోజు నిర్ణయించి, ఆఫీసుకైనా పొలానికైనా మీరూ వెంట వెళ్లండి. లేదంటే లేచి, "సరే, అట్లా చెరువు కట్ట దాకా నడిచొద్దాం పద" అనండి. రెండు మూడు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే ఎంచుకున్న పద్ధతిని మార్చి చూడాలి. ఆ మార్పు కూడా ఆయనతో మాట్లాడి, ఆయన ఒప్పుకున్న తరువాతే చేయాలి.